పన్నెండో ఫారం, పద్నాలుగో ఫారం

పుస్తకంలో పదహారో పేజీ తర్వాత పదిహేడో పేజీయే ఎందుకు వస్తుందో మీరెప్పుడైనా ఆలోచించారా? ఆలోచించి ఉండరు. పొద్దు పొడిచినట్టు దానంతటదే వస్తుందనుకుంటారు. అలా అనుకునేవాళ్ళంటే ఫారాలక్కకి ఒళ్ళుమంట. దానంతటదేమీ రాదు. ఫారాలక్క తెస్తే వస్తుంది.

బైండింగ్ షాపులో అందరూ ఆవిడని ఫారాలక్క అనే పిలుస్తారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. కింది అంతస్తులో అచ్చు యంత్రాలు, పై అంతస్తులో బైండింగ్. పైన రేకుల కప్పు, ఓ పక్క గోడ పొడవునా కిటికీలు, మధ్యలో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకటే బల్ల. కింద అచ్చయిన పెద్ద కాగితాలు పైకొస్తాయి. ఒక్కో కాగితానికి ఈ వైపు ఎనిమిది పేజీలు, ఆ వైపు ఎనిమిది. దాన్ని చెక్క బద్దతో నొక్కుతూ మూడు మడతలు పెడితే పదహారు పేజీల చిన్న కట్ట అవుతుంది. దాన్నే ఫారం అంటారు. ఫారాలన్నీ దొంతరలుగా బల్ల మీద వరసగా పెట్టి, బల్ల చుట్టూ నడుస్తూ ఒక్కో దొంతర మీంచి ఒక్కొక్కటి తీసి పేర్చుకుంటూ పోతే పుస్తకం. ఆ తర్వాత సూదీ దారం, జిగురు, అట్ట. ఇంతే పని. ‘ఇంతేనా’ అని అనదలచుకున్నవాళ్ళు ముందు ఆవిడ చేతిలో చెక్క బద్ద ఉందో లేదో చూసుకుని అనాలి.

ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల. ఈ ఇరవై రెండేళ్ళలో ఆవిడ చదివినన్ని పుస్తకాలు లైబ్రరీలో కూర్చునేవాళ్ళు కూడా చదివి ఉండరు. కాకపోతే చదివే పద్ధతి వేరు. మడత పెట్టని కాగితం మీద ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ ఉంటుంది, దాని పక్కన పదమూడు, ఆ పక్కన నాలుగు. పై వరసలో ఉన్న నాలుగు పేజీలూ తలకిందులు. అందువల్ల ఆవిడకి తలకిందుల అక్షరాలు మామూలు అక్షరాల్లాగే వచ్చు. హత్య కథల్లో హంతకుణ్ణి పోలీసులు పట్టుకున్నాక హత్య జరిగేది. పెళ్ళయిపోయాక చూపులు కలిసేవి. మడత పెట్టేసరికి అన్నీ వరసలోకొచ్చేవి, ఆవిడ బుర్రలో కూడా.

ఇంట్లో ఇద్దరే మనుషులు ఆవిడకి. మొగుడు సిటీ బస్సు డ్రైవరు. పుస్తకం చేతికిస్తే బరువెంతుందో చూసి తిరిగిచ్చేసే రకం. రెండోది కూతురు. పదహారేళ్ళది, కాలేజీలో మొదటి ఏడు. పీలగా ఉండి ఆగకుండా మాట్లాడుతుందని చిన్నప్పుడే ‘పిట్ట’ అని పేరు పడింది. పిట్ట అస్తమానం చదువుతుంది. కానీ తల్లి చదువుతుందంటే ఒప్పుకోదు. “నువ్వు చదవడమేంటమ్మా, నువ్వు మడుస్తావు” అంటుంది నవ్వుతూ. నవ్వుతూ అన్నా సరే, ఆ మాట ఫారాలక్కకి గుచ్చుకునేది. ఎప్పటికైనా ఇది నా పనిని పని అనాలి, నా చదువుని చదువు అనాలి అన్న ఒక్క కోరిక ఆవిడకి గట్టిగా ఉండేది. బయటికి చెప్పుకుంటే నవ్వుతారని చెప్పుకోలేదు గానీ, ఉండేది.

ఇక ఈ గొడవంతా తెచ్చిపెట్టిన పుస్తకం సంగతి. కుర్రకారు కోసం రాసిన సైన్సు నవల, మూడు భాగాలు. భూమి మీద చోటు చాలక జనం పెద్ద ఓడ కట్టుకుని నక్షత్రాల మధ్య ప్రయాణం చేస్తుంటారు. ఓడ నడిపేది పదిహేడేళ్ళ పిల్ల. ఓడలో గడియారాలు బాగుచేసేది ఒక కుర్రాడు. వాళ్ళిద్దరికీ ప్రేమ. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, వాడు దీర్ఘనిద్ర పెట్టెలో పడుకుని లేచిన ప్రతిసారీ కొంత జ్ఞాపకం పోతుంది. ఒకసారి ఊరు పోతుంది, ఒకసారి తమ్ముడు పోతాడు. మూడో భాగంలో ఆ పిల్లే పోతుంది.

మొదటి భాగం మడతలు పెడుతున్నప్పుడు ఫారాలక్క పెదవి విరిచింది. “ఆకాశంలోకెళ్ళినా వీళ్ళకి ఇదే పనా? మరి ఓడ ఎవరు నడుపుతున్నట్టు?” అంది పక్కావిడతో. రెండో భాగానికొచ్చేసరికి మాట్లాడ్డం మానేసి చదివింది. మూడో భాగం ఆఖరి ఫారం మడుస్తూ ఏడ్చింది. కాగితం మీద పడకుండా కొంగు అడ్డం పెట్టుకుని మరీ ఏడ్చింది.

దానికి కారణం ఉంది. ఆవిడ తల్లి పోయేముందు మూడేళ్ళు ఎవర్నీ గుర్తుపట్టలేదు. ఫారాలక్క రోజూ పని నుంచి వస్తూ తమ్ముడి ఇంటికి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, “నేనమ్మా, మీ పెద్దమ్మాయిని” అని చెప్పేది. తల్లి మర్యాదగా తలూపి, “అలాగా, కూర్చోండి” అనేది. ‘కూర్చోండి’ అనేది కన్నకూతుర్ని. మూడేళ్ళూ అంతే. ఒక్కరోజు, కనీసం ఒక్క నిమిషం గుర్తుపడుతుందేమోనని చూసింది. గుర్తుపట్టకుండానే పోయింది. ఆ నవల్లో మటుకు పద్నాలుగో ఫారంలో, ఆఖరి పేజీలో, ఆ కుర్రాడు గడియారం విప్పుతూ విప్పుతూ ఆగి, తలెత్తి, ఆ పిల్లని పేరు పెట్టి పిలుస్తాడు. ఎవడో రాసింది, ఎక్కడా జరగనిది. అయినా ఆవిడ గుండెల మీంచి ఏదో దించినట్టయింది.

ఇప్పుడు ఆ పుస్తకం తయారైన తీరు చెప్పాలి. చెప్పకపోతే తప్పంతా ఫారాలక్కదే అనుకుంటారు. ఆవిడది కొంతే.

మామూలుగా పుస్తకం అంటే పేజీలకి నంబర్లుంటాయి. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఆ ఫారం నంబరుంటుంది. వెన్ను దగ్గర మడత మీద నల్ల గుర్తు ఒకటుంటుంది. ఫారాలు వరసగా పేరిస్తే ఆ గుర్తులు మెట్లలా దిగుతాయి. ఒక్క ఫారం అటూ ఇటూ అయినా మెట్టు విరిగి కంట్లో పడుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పుస్తకాల్ని ఎవరూ వేలెత్తి చూపకపోవడానికి సగం కారణం ఆ మెట్లు, సగం ఆవిడ కళ్ళు. ఈ మూడో భాగానికి మాత్రం రచయితగారికి కొత్త ఆలోచన వచ్చింది. కథంతా ఓడలో పద్నాలుగు గంటలు; ఆ ఓడ గంట ఒక్కోటీ మన లెక్కలో నెల. గంటకొక ఫారం, సరిగ్గా పదహారు పేజీలు. పేజీ నంబర్లు వద్దు. వాటి బదులు అడుగున ఓడ గడియారం చూపించే సమయం, అదీ ఆ ఓడవాళ్ళ అంకెల్లో. ఏవో గీతలు, చుక్కలు. బొమ్మలు వేసినాయనకి ఇంకో ఆలోచన వచ్చింది. ఫారం నంబరు, నల్ల గుర్తు ఉంటే పేజీ అందం చెడుతుందట. అవీ తీయించేశాడు.

“మరి వరస ఎలా తెలుస్తుంది సార్?” అని ఫారాలక్క సూపర్‌వైజర్ని అడిగింది. ఆయన గడ్డం గోక్కుని, “దొంతర మీద చీటీ పెట్టుకోండక్కా, పన్నెండు, పదమూడు అని రాసి” అన్నాడు. పనిచేసేవాళ్ళు ఏదడిగినా చీటీతో సరిపెట్టడం ఆయనకి అలవాటు.

కుట్టే రోజు మధ్యాహ్నం పిట్ట షాపుకే ఫోన్ చేసింది. “అమ్మా, మూడో భాగం ఇవాళేగా? ఐదింటికల్లా పట్టుకొచ్చెయ్. అందరికంటే ముందు నేను చదవాలి. ఆలస్యం చేశావంటే నీతో మాట్లాడను.” ఫారాలక్క మురిసిపోయింది. తన పని వల్ల కూతురికి కావలసింది ఒకటి దొరకడం అదే మొదటిసారి మరి. దొంతరలు గబగబా సర్దింది. ఉక్కగా ఉందని ఎవరో ఫ్యాను పెంచారు. రెండు చీటీలు ఎగిరి బల్ల కింద పడ్డాయి. పన్నెండు, పద్నాలుగు. వంగి, తీసి, రెండు దొంతర్ల మీదా పెట్టింది. మొదటి పేజీలో రెండు వాక్యాలు చదివితే తెలిసిపోయేది. చదవలేదు. పిట్ట గొంతు చెవిలో మోగుతూనే ఉంది, గడియారం నాలుగు దాటింది.

ఆ సాయంత్రం అట్ట మీద గీత పడ్డ ఒక కాపీ అడిగి తీసుకుని ఇంటికెళ్ళింది. పిట్ట గుమ్మంలోనే లాక్కుంది. మర్నాడు కళ్ళు వాచిపోయి లేచింది. ఫారాలక్క, ‘నాలాగే అది కూడా ఆనందంతో ఏడ్చింది’ అనుకుని లోలోపల పొంగిపోయింది. పిచ్చిది.

నాలుగు రోజుల తర్వాత అన్నం తింటూ పిట్ట అంది కదా, “పాపం ఆ పైలట్ పిల్ల. అంత కష్టపడి గుర్తు చేసుకున్నవాడు మళ్ళీ మర్చిపోయాడు. చివరి పేజీలో ‘నమస్కారం, నేను ఈ ఓడ నడుపుతాను’ అని కొత్తవాళ్ళకి చెప్పినట్టు చెప్పిందమ్మా. నేను ఇంకా తేరుకోలేదు.”

ఫారాలక్క ముద్ద కంచంలో పెట్టేసింది. “అది చివరి పేజీ కాదే. అది పన్నెండో ఫారం. వాడు నిద్ర లేచాక జరిగేది. తర్వాత ఆ పిల్ల వాడికి గడియారాలు బాగుచెయ్యడం నేర్పుతుంది. ఆఖరికి గుర్తుపడతాడు.”

“ఏం మాట్లాడుతున్నావమ్మా? ముందు గుర్తుపడతాడు. ఆఖర్న మర్చిపోతాడు.”

“పుస్తకం పట్రా.”

పట్టుకొచ్చింది. ఫారాలక్క వెన్ను విడదీసి చూసింది. పన్నెండు ఉండాల్సిన చోట పద్నాలుగు, పద్నాలుగు ఉండాల్సిన చోట పన్నెండు. మూడు వేల కాపీలు అప్పటికే బండెక్కి వెళ్ళిపోయాయి. “నా వల్లే అయింది. చీటీలు మారిపోయాయి” అంది పీలగా.

పిట్ట పుస్తకం వెనక్కి తీసుకుంది. “నువ్వేదో వేరే పుస్తకంతో కలిపేసుకుంటున్నావు. ఎన్ని మడుస్తావు రోజుకి!”

“వేలు సంగతి చూడవే! వాడి వేలు తెగేది పన్నెండులో. పద్నాలుగులో ఆ వేలికి మచ్చ ఉంటుంది. నీ పుస్తకంలో మచ్చ ముందొచ్చి, వేలు తర్వాత తెగుతోంది. అదెలా కుదురుతుంది?”

“అక్కడే ఉందమ్మా అసలు సంగతి! చివరి మూడు గంటలూ కాలం వెనక్కి నడుస్తుంది. మా కాలేజీలో వాళ్ళు ఆ ఓడ అంకెల్ని కూడా ఛేదించారు, తెలుసా? ఆఖర్న గంటలు తగ్గుతూ వస్తాయి. నీకర్థం కాదులే.”

తన తప్పుకి అర్థం చెప్పి, అది తనకే అర్థం కాదంటుంటే ఏ మనిషికైనా ఎలా ఉంటుంది? ఫారాలక్క మొగుడి వంక చూసింది, ఓ మాట సాయం చేస్తాడేమోనని. ఆయన మజ్జిగ తాగుతూ, “ఎలా అయితేనేం, పుస్తకం అయిపోయిందిగా” అన్నాడు.

మర్నాడు ఉద్యోగం పోయినా సరేనని సూపర్‌వైజర్‌తో చెప్పింది. ఆయన పబ్లిషర్‌కి చెప్పాడు. పబ్లిషర్ ఫోన్లో అరిచిన అరుపులు బల్ల రెండో చివరిదాకా వినిపించాయి. పుస్తకాలన్నీ వెనక్కి తెప్పించాలన్నారు, అవతల రచయితగారు మంచం పట్టారన్నారు. ఫారాలక్క వారం రోజులు అన్నం సహించక తిరిగింది. పక్కావిడలు, “పోన్లే అక్కా, ఎవరి వల్లా జరగని తప్పా ఏమిటి” అన్నారు గానీ, ఆవిడకి ఆ మాట ఆనలేదు. ఇన్నేళ్ళూ తన వల్ల జరగనిది అదొక్కటే. పైగా ఆ కుర్రాడు గుర్తుపట్టిన ఆ ఒక్క నిమిషాన్ని తన చేత్తోనే తీసి మధ్యలో పారేసిందాయె.

ఎనిమిదో రోజు నుంచి అరుపులు ఆగిపోయాయి. ఆ ముగింపు చదివి పిల్లలంతా బావురుమంటున్నారట. ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారట. ‘ఇంత ధైర్యంగా ముగించినవాడు లేడు’ అని పత్రికలో రాశారట. నెల తిరక్కుండానే రెండో అచ్చు వచ్చింది. అచ్చుతో పాటు పైకి చీటీ వచ్చింది, పబ్లిషర్ సంతకంతో: ‘ఫారాల వరస: 11, 14, 13, 12. మార్చరాదు.’

ఫారాలక్క ఆ చీటీని రెండుసార్లు చదివింది. “సార్, ఇది తప్పు వరస.”

“ఇప్పుడదే ఒప్పక్కా. మీరు గాని తెలివి చూపించి సరిచేసేరు, కొంప మునుగుతుంది” అన్నాడు సూపర్‌వైజర్.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి. అయినా ఏం చేస్తుంది? ఆరుగురు ఆడవాళ్ళూ బల్ల చుట్టూ నడిచారు, పదకొండు, పద్నాలుగు, పదమూడు, పన్నెండు. ఈసారి మెలకువగా, శ్రద్ధగా, ఒక్కటి కూడా తప్పిపోకుండా తప్పు చేశారు. ఆ రోజు ఆవిడ చేతులు నొప్పెట్టినట్టు ఎప్పుడూ నొప్పెట్టలేదు.

ఇదిలా ఉండగా రచయితగారు పిట్ట కాలేజీకి వచ్చారు. తల్లిదండ్రులు కూడా రావచ్చన్నారు. ఫారాలక్క సగం పూట సెలవు పెట్టి, ఉతికిన చీర కట్టుకుని వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. ఆయన నోట నిజం వస్తే పిట్ట నమ్ముతుంది కదా అని ఆశ. పిట్టే లేచి మైకు పట్టుకుని అడిగింది: “సార్, ఆ ముగింపు మీకెలా తట్టింది?”

ఆయన కళ్ళజోడు తీశాడు. కిటికీ వంక చూశాడు. “ఆ ముగింపు కోసం ఆరు నెలలు నలిగిపోయానమ్మా. వాడు గుర్తుపట్టేలా రాయడం తేలిక. కానీ జీవితం అలా ఉండదు కదా” అన్నాడు. హాలంతా చప్పట్లు. పిట్ట వెనక్కి తిరిగి తల్లి వంక చూసింది, ‘విన్నావా?’ అన్నట్టు.

టీలు తాగే చోట ఫారాలక్క ఆయన్ని పట్టుకుంది. “సార్, నేను మీ పుస్తకం వరస కూర్చినదాన్ని. చీటీలు మార్చింది నేనే.”

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “మీరేనా? కోపం తెచ్చుకోకండి. మొదట నేనూ ఏడ్చాను. తర్వాత చదివి చూస్తే అదే బాగుందనిపించింది. మీరు కూర్చారు, నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక అది నాదే కదమ్మా?”

“మరి ఆరు నెలలు నలిగిపోయానన్నారు?”

“నలిగింది నిజమే. వాడు గుర్తుపట్టే ఆ మొదటి ముగింపుకి” అని కప్పు కింద పెట్టి, ఆటోగ్రాఫ్ కోసం వచ్చిన పిల్లల్లో కలిసిపోయాడు.

ఫారాలక్క చేసిన మంచి పని ఎలాగూ ఎవరికీ పట్టలేదు. చివరికి చేసిన తప్పు కూడా తనది కాకుండా పోయింది. ఇంతకంటే అన్యాయం ఉంటుందా? బస్సులో ఇంటిదాకా కూతురు ఆయన కళ్ళజోడు గురించే మాట్లాడింది.

ఆదివారం మధ్యాహ్నం మొగుడు డ్యూటీకి వెళ్ళాడు, పిట్ట స్నేహితురాలింటికి వెళ్ళింది. ఫారాలక్క పిట్ట పుస్తకాన్ని వంటింటి బల్ల మీద పెట్టింది. వేడి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ వెన్ను మీద పరిచి, జిగురు మెత్తబడ్డాక అట్ట ఊడదీసింది. కత్తి మొనతో కుట్లు కోసింది. పద్నాలుగు ఫారాలూ విడిపోయాయి. పన్నెండు తీసి పదకొండు కింద పెట్టింది, పద్నాలుగు తీసి అడుక్కి పెట్టింది. మళ్ళీ కుట్టింది. జిగురు రాసి, అట్ట వేసి, మీద బియ్యం డబ్బా బరువు పెట్టింది. కోపంతో చేస్తున్నా ఒక్క కుట్టు కూడా వంకర పోలేదు.

జిగురు ఇంకా పూర్తిగా ఆరకముందే పిట్ట వచ్చింది. చూసి గావుకేక పెట్టింది. “నా పుస్తకం! ఏం చేశావమ్మా నా పుస్తకాన్ని?”

“సరిచేశాను. చదువు. పదకొండో గంట నుంచి చదివితే చాలు. చదివాక నీ ఇష్టం వచ్చినన్ని తిట్లు తిట్టు, పడతాను. చదవకుండా మటుకు ఒక్క మాట అన్నావంటే ఊరుకోను.”

తల్లి అంత గట్టిగా మాట్లాడ్డం పిట్ట ఎప్పుడూ వినలేదు. పుస్తకం తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. ఫారాలక్క గిన్నెలు తోమింది. తోమినవే మళ్ళీ తోమింది. గంట దాటాక పిట్ట తలెత్తింది.

“వేలు… ముందు తెగుతుంది, తర్వాత కట్టు, తర్వాత మచ్చ.”

“అవును.”

“ఈ అంకెలు కూడా పెరుగుతూ వెళ్ళాయి. కాలం వెనక్కి నడవలేదు.”

“కాలం ఎక్కడైనా వెనక్కి నడుస్తుందా? చీటీ ఎగిరింది.”

పిట్ట ఆఖరి పేజీలు మళ్ళీ తిప్పి చూసింది. తర్వాత కళ్ళు పెద్దవి చేసుకుని లేచింది. “అంటే నేను ఏడ్చిన ముగింపు… కాలేజీ అంతా ఏడ్చిన ముగింపు… నువ్వు చేసిందా?” ఎగిరొచ్చి మెడ పట్టుకుంది. “అమ్మా! ఆయన కాదు, నువ్వు! ఈ ముగింపు కూడా బావుంది, కాదనను. కానీ ఆ ముగింపే గొప్పది. అమ్మమ్మకి నువ్వు రోజూ వెళ్ళి ‘నేను మీ పెద్దమ్మాయిని’ అని చెప్పేదానివి కదా, నేను పక్కనే ఉండి చూసేదాన్ని. ఆ పైలట్ పిల్ల ‘నమస్కారం’ అనగానే నాకు నువ్వే కనిపించావు. అందుకే అంతలా ఏడ్చాను. రేపు కాలేజీలో అందరికీ చెప్తాను, మా అమ్మే చేసిందని.”

కూతురు అప్పుడే అంతా చూసిందని ఫారాలక్కకి తెలియదు. ఆ మాటకి కరిగిపోవాల్సిందే, కరిగింది కూడా. కానీ కరిగిన కాసేపటికే మళ్ళీ కోపం ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళకి కూతురు తన పనికి మొదటిసారి పొంగిపోయింది. దేనికి? ఇన్నేళ్ళలో తాను చేసిన ఒకే ఒక్క తప్పుకి.

కూతురి చేతులు మెడ మీంచి తీసేసింది. అలమర దగ్గరికెళ్ళి పిట్ట రోజూ వాడే లావుపాటి నిఘంటువు తెచ్చి బల్ల మీద ధడాలున పడేసింది.

“ఇది చూడు.”

“నిఘంటువు. దీన్లో ఏముంది?”

“ఏ మాట కావాలన్నా చటుక్కున దొరుకుతుంది కదా నీకు? ఎందుకు దొరుకుతుంది? వెన్ను విప్పి చూడు, మూడో కుట్టు కన్నం దగ్గర రెండు ముడులుంటాయి. అలా వేసేది నేనొక్కదాన్నే. అరవై తొమ్మిది ఫారాలు, పదకొండు వందల నాలుగు పేజీలు. అదీ నేనే. దాన్ని గురించి చెప్పు రేపు కాలేజీలో.”

“అమ్మా, అది సరిగ్గా ఉండక ఎలా ఉంటుంది? ఎవరైనా సరిగ్గానే చేస్తారు కదా.”

“చూశావా నువ్వు?”

“చూడ్డానికేముంది?”

“చూశావా, చూడలేదా?” ఆవిడ నిఘంటువుని కూతురి ముందుకి తోసింది. “ఒక్కసారైనా చూశావా? ఎవరైనా చూశారా? ఇరవై రెండేళ్ళు, పిట్టా!”

పిట్ట కుర్చీ లాక్కుని కూర్చుంది. మొదట మొండికి చూసినట్టే చూసింది. “ఎక్కడ చూడాలి?”

“పదహారుకీ పదిహేడుకీ మధ్య. తర్వాత ముప్ఫై రెండుకీ ముప్ఫై మూడుకీ. అలా పదహారేసి దాటుకుంటూ పో.”

“పదహారు, పదిహేడు” అంది పిట్ట పైకి. “ముప్ఫై రెండు, ముప్ఫై మూడు. నలభై ఎనిమిది, నలభై తొమ్మిది.” నాలుగు వందలు దాటేసరికి మొండితనం పోయింది. వేలు పెట్టి, మడతలోకి తొంగి చూసి, కుట్టు తడిమి మరీ చదవసాగింది. ఆరు వందల దగ్గర ఒకసారి పొరబడి, వెనక్కెళ్ళి మళ్ళీ చూసింది. ఫారాలక్క గుమ్మానికి ఆనుకుని నిలబడి వింది. ఇన్నేళ్ళుగా చేస్తున్న పనే, అయినా పరీక్ష ఫలితం చదువుతున్నట్టు ఒక్కో అంకెనీ చెవులు రిక్కించి వింది.

“వెయ్యిన్నీ ఎనభై ఎనిమిది, వెయ్యిన్నీ ఎనభై తొమ్మిది.” పిట్ట చివరి పేజీదాకా తిప్పి, నిఘంటువు మూసి, దాని మీద చెయ్యి పెట్టింది. తల్లి వంక చూసింది.

“సరిగ్గా ఉందమ్మా” అంది. “అంతా సరిగ్గా ఉంది.”

ఆ మాట ఆవిడతో అప్పటిదాకా ఎవరూ అనలేదు. ఫారాలక్క తలూపి, పొయ్యి వైపు తిరిగి, టీకి నీళ్ళు పెట్టింది.